ఉద్యోగం పోయిన గుమాస్తా.. 'టూర్ డి ఫ్రాన్స్'కు తండ్రయ్యాడు!

జూలై నెలలో సాయంత్రం పూట టీవీ చానళ్లు తిప్పుతుంటే ఎప్పుడో ఒకసారి మీ కంట పడే ఉంటుంది. పైన హెలికాప్టర్, కింద పొద్దుతిరుగుడు తోటలు, మధ్యలో సన్నటి రోడ్డు మీద వందకు పైగా సైకిళ్లు. ఒకతని ఒంటి మీద మాత్రం పసుపు జెర్సీ. అదే టూర్ డి ఫ్రాన్స్. మూడు వారాలు, 21 స్టేజీలు, మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగే సైకిల్ పోటీ. ప్రపంచంలో ఎక్కువ మంది చూసే క్రీడల్లో ఇదొకటి.

ఇంత పెద్ద పోటీని మొదలుపెట్టింది ఒలింపిక్ కమిటీ కాదు, ప్రభుత్వమూ కాదు. మూతపడటానికి సిద్ధంగా ఉన్న ఓ దినపత్రిక. దాన్ని నడిపింది లాయర్ ఆఫీసులో ఉద్యోగం పోగొట్టుకున్న ఓ గుమాస్తా. పేరు హెన్రీ డెగ్రాంజ్. మీరిప్పుడు డిగ్రీ చేత్తో పట్టుకుని నాగారం నుంచి ఉప్పల్ దాకా, అక్కడి నుంచి మెట్రోలో హైటెక్ సిటీ దాకా ఇంటర్వ్యూలకు తిరుగుతుంటే, ఈయన కథ మీకు పనికొస్తుంది. అన్నీ నేర్చుకోవాల్సినవే అని కాదు. కొన్ని నేర్చుకోవడానికి, కొన్ని వద్దనుకోవడానికి.

పిక్కలు కనిపించాయని..

డెగ్రాంజ్ 1865 జనవరి 31న పారిస్‌లో పుట్టాడు. కవల పిల్లల్లో ఒకడు. చదువయ్యాక పారిస్‌లోనే ఓ న్యాయవాది కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. ఆ రోజుల్లో అది గౌరవప్రదమైన ఉద్యోగం. నెలకింత జీతం, కోటు, టై, క్లయింట్లతో మర్యాదగా మాట్లాడటం.. మన దగ్గర అమ్మానాన్నలు సెటిల్ అయ్యాడు అని నలుగురికీ చెప్పుకునే రకం కొలువన్నమాట.

అయితే అప్పటికే యూరప్‌కు సైకిల్ పిచ్చి పట్టింది. గాలి నింపే టైర్లు కొత్తగా వచ్చాయి. 1891లో బోర్డో నుంచి పారిస్ దాకా మొదటిసారి పెద్ద పోటీ జరిగింది. దాన్ని చూసిన డెగ్రాంజ్ మనసు సైకిల్ మీదే ఉండిపోయింది. ఆఫీసుకూ సైకిల్ మీదే వెళ్లేవాడు. ఉద్యోగం ఎందుకు పోయిందన్న దానిపై ప్రచారంలో ఉన్న కథ ఇదీ: సైకిల్ తొక్కుతున్నప్పుడు ఆయన పిక్కలు బయటికి కనిపించడం ఓ క్లయింటుకు నచ్చలేదట. ఫిర్యాదు వెళ్లింది. ఆఫీసు వాళ్లు ఉద్యోగమో సైకిలో తేల్చుకోమన్నారు. ఆయన సైకిల్‌తో బయటికి వచ్చేశాడు.

ఇక్కడ ఆగండి. ఉద్యోగం వదిలేసి నచ్చిన పని చేయండి అనే రీల్స్ మీరు రోజూ చూస్తూనే ఉంటారు. డెగ్రాంజ్ చేసింది అది కాదు. బయటికి వచ్చాక ఆయన తనకు తెలిసిన ఒకే ఒక్క పనిని కొలిచి చూపించగలిగేలా మార్చుకున్నాడు. 1893 మే 11న పారిస్‌లోని బఫెలో వెలోడ్రోమ్‌లో గంటసేపు ఆగకుండా సైకిల్ తొక్కాడు. 35.325 కిలోమీటర్లు వచ్చాయి. అధికారికంగా గుర్తింపు పొందిన మొట్టమొదటి 'గంట రికార్డు' అదే.

నిజానికి ఆయన ఆ కాలపు అందరికంటే మేటి రైడర్ కాదు. మరుసటి ఏడాదే ఆ రికార్డు పోయింది. 2022లో ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కాడు. కానీ కొలతలు పక్కాగా ఉన్న చోట, సాక్షుల ముందు, లెక్క రాయించి మరీ తొక్కిన మొదటి వ్యక్తి డెగ్రాంజ్. అందుకే 130 ఏళ్ల తర్వాత కూడా పట్టికలో మొదటి పేరు ఆయనదే. మీ రెజ్యూమెలో ప్యాషనేట్ అనే మాట కన్నా, తేదీతో అంకెతో ఉన్న ఒక్క లైను ఎందుకు బలంగా ఉంటుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆ మరుసటి ఏడాది శిక్షణ మీద ఓ పుస్తకం రాశాడు. 1897లో పార్క్ డి ప్రిన్స్ వెలోడ్రోమ్‌కు డైరెక్టర్ అయ్యాడు. రైడర్, రచయిత, మేనేజర్. మూడు పనులు కలిసిన మనిషి అయ్యాడు. తర్వాత వచ్చిన అవకాశానికి సరిగ్గా ఆ మూడూ కావాల్సి వచ్చాయి.

ఆకుపచ్చ పేపరు, పసుపు పేపరు

అప్పట్లో ఫ్రాన్స్‌లో క్రీడా వార్తలంటే 'లె వెలో' అనే దినపత్రికే. ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. సంపాదకుడు పియర్ గిఫార్డ్. ఆ సమయంలో దేశమంతా డ్రేఫస్ అనే సైనికాధికారి కేసు మీద రెండుగా చీలిపోయింది. ఆయన నిర్దోషి అనేవాళ్లు ఒక వైపు, దేశద్రోహి అనేవాళ్లు మరో వైపు. గిఫార్డ్ నిర్దోషి అనే పక్షాన నిలిచాడు. కార్లు, సైకిళ్లు, టైర్లు తయారు చేసే పెద్ద వ్యాపారులు కొందరు, అంటే పత్రికకు ప్రకటనలిచ్చేవాళ్లు, అవతలి పక్షం. కౌంట్ డి డియాన్, క్లెమాన్, మిషెలిన్ లాంటి వాళ్లు కలిసి పోటీ పత్రిక పెట్టారు. దాన్ని నడపడానికి డెగ్రాంజ్‌ను పిలిచారు. డ్రేఫస్ నిర్దోషి అని తర్వాత తేలింది. అంటే ఈ కొత్త పత్రిక పుట్టుకే అన్యాయం పక్షాన ఉన్న డబ్బుతో జరిగింది. కథ చెప్పేటప్పుడు ఈ ముక్క దాచకూడదు.

1900 అక్టోబర్ 16న 'లోటో వెలో' మొదటి సంచిక వచ్చింది. ఆకుపచ్చకు పోటీగా పసుపు కాగితం. కానీ అమ్మకాలు లేవు. రెండేళ్లయినా పాతిక వేల ప్రతుల దగ్గరే కొట్టుమిట్టాడుతోంది. పైగా పేరు తమ పేరులా ఉందని లె వెలో కోర్టుకెళ్లి గెలిచింది. 1903 జనవరిలో పేరులోంచి వెలో తీసేసి ఉత్త 'లోటో'గా మార్చాల్సి వచ్చింది. వెలో అంటే సైకిల్. సైకిల్ వార్తల పత్రిక పేరులో సైకిల్ లేకపోతే పాఠకుడికి ఎలా తెలుస్తుంది? ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే పత్రికకు తాళం, సిబ్బందికి ఇంటి దారి.

భోజనాల బల్ల దగ్గర ఐడియా

1902 నవంబర్ 20. ఏదో ఒకటి చేయాలని ఆఫీసులో మీటింగ్ పెట్టారు. సైకిల్ వార్తలు రాసే పాతికేళ్ల రిపోర్టర్ జియో లెఫెవ్ర్ ఓ మాటన్నాడు. అప్పట్లో వెలోడ్రోమ్‌లలో ఆరు రోజుల పోటీలు జరిగేవి. వాటినే రోడ్ల మీదికి తెచ్చి ఫ్రాన్స్ మొత్తం చుట్టివచ్చేలా పెడితే ఎలా ఉంటుంది అని. డెగ్రాంజ్‌కు మొదట పెద్దగా నమ్మకం కలగలేదు. లెఫెవ్ర్‌ను దగ్గర్లోని కేఫ్‌కు భోజనానికి తీసుకెళ్లాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ, డబ్బు లెక్కలు చూసే విక్టర్ గొడేను అడగాలన్నాడు. గొడే ఒప్పుకోడు, అక్కడితో ఈ గొడవ వదిలిపోతుంది అనుకున్నాడేమో. గొడే మాత్రం సరే అన్నాడు. ఇంకేముంది, 1903 జనవరి 19న పోటీ ప్రకటన వచ్చేసింది.

మొదటి ప్లాన్ ఫ్లాప్. ఐదు వారాల పోటీ, 20 ఫ్రాంకుల ప్రవేశ రుసుము అని పెట్టారు. పేరిచ్చింది 15 మందే. మనవాళ్లయితే పోస్టర్ ఇంకా పెద్దగా వేద్దాం అనుకుంటారు. డెగ్రాంజ్ కూర్చుని అంకెలు సవరించాడు. ఐదు వారాలను 19 రోజులకు కుదించాడు. రుసుమును సగానికి, అంటే 10 ఫ్రాంకులకు తగ్గించాడు. మొదటి 50 మందికి రోజుకు 5 ఫ్రాంకుల ఖర్చులు ఇస్తామన్నాడు. మొత్తం బహుమతుల సొమ్ము 20 వేల ఫ్రాంకులు. పని మానుకుని నెల రోజులు రాలేని సామాన్య రైడరుకు ఏం అడ్డొస్తోందో చూసి, ఆ అడ్డే తీసేశాడు. ఈసారి 60 మంది బరిలోకి దిగారు.

1903 జూలై 1న పారిస్ శివార్లలోని మాంజెరాన్‌లో ఓ కేఫ్ ముందు నుంచి పోటీ మొదలైంది. మొత్తం ఆరు స్టేజీలు: పారిస్ నుంచి లియాన్, మార్సెయ్, టూలూస్, బోర్డో, నాంత్, తిరిగి పారిస్. 2,428 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాద్ నుంచి శ్రీనగర్ దాకా అనుకోండి. మొదటి స్టేజే 467 కిలోమీటర్లు, అంటే మన దగ్గర నుంచి నెల్లూరు దాకా ఉంటుంది. గేర్లు లేవు, తారు రోడ్లు లేవు, రాత్రంతా తొక్కాలి. చిన్నప్పుడు పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేసిన మారిస్ గారన్ ఆ స్టేజీని 17 గంటల 45 నిమిషాల్లో పూర్తిచేశాడు. చివరికి మొత్తం పోటీని దాదాపు మూడు గంటల తేడాతో గెలిచాడు. గమ్యం చేరింది 21 మంది.

పోటీ వెంట వెళ్లింది డెగ్రాంజ్ కాదు, లెఫెవ్ర్. కాసేపు రైల్లో, కాసేపు సైకిల్ మీద. రిపోర్టరూ ఆయనే, టైమ్ చూసేదీ ఆయనే, రిఫరీ కూడా ఆయనే. డెగ్రాంజ్ పారిస్‌లో కూర్చుని పత్రిక నడిపాడు. 25 వేల పత్రిక పోటీ అయ్యేసరికి 65 వేలకు చేరింది. మరుసటి ఏడాదే లె వెలో మూతపడింది. ఉద్యోగం పోయిన గిఫార్డ్‌కు తర్వాత డెగ్రాంజే తన పత్రికలో పని ఇచ్చాడు.

రూటే అసలు ప్రొడక్ట్

ఇంజినీరింగ్ వాళ్లు శ్రద్ధగా చదవాల్సిన భాగం ఇది. 1904లో రెండో టూర్ గోలగోలగా జరిగింది. చీకట్లో కొందరు రైలెక్కారు, కార్ల సాయం తీసుకున్నారు. తమ ఊరి రైడర్ గెలవాలని జనం వేరేవాళ్ల మీద దాడులు చేశారు. విచారణ తర్వాత మొదటి నాలుగు స్థానాల వాళ్లనూ అనర్హులుగా తేల్చారు. ఐదో స్థానంలో ఉన్న 19 ఏళ్ల ఆన్రి కార్నె విజేత అయ్యాడు. ఇప్పటికీ అతి పిన్న వయసు విజేత అతనే. టూర్ చచ్చిపోయిందని డెగ్రాంజ్ స్వయంగా తన పత్రికలో రాసుకున్నాడు.

కానీ తప్పు ఎక్కడుందో వెతికాడు. మనుషులను తిట్టడం సరిపోదు, రూటులోనే లోపముంది. స్టేజీ పొడవు ఎక్కువైతే రాత్రి తొక్కాలి. రాత్రి అయితే ఎవరూ చూడరు. చూడకపోతే మోసం. అందుకని 1905లో ఆరు స్టేజీలను పదకొండు చేశాడు. వెలుతురు ఉండగానే ఎక్కువ భాగం ముగిసేలా దూరాలు తగ్గించాడు. అదే ఏడాది బలాన్ డాల్జాస్ అనే కొండను రూటులో చేర్చాడు. బగ్ కనిపించినప్పుడు యూజర్‌ను కాక డిజైన్‌ను మార్చడం అంటే ఇదే.

1910లో ఇంకో అడుగు. ఆల్ఫాన్స్ స్టైనెస్ అనే సహచరుడు పిరనీస్ పర్వతాల మీదుగా పోటీ పెడదామన్నాడు. రోడ్డు చూసి రమ్మని అతన్నే పంపారు. టూర్మలే కనుమ ఎత్తు 2,115 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అంత ఎత్తయిన శిఖరమే లేదు. మంచులో కారు ముందుకు పోలేదు. డ్రైవర్ వెనక్కి తిరిగాడు. స్టైనెస్ రాత్రిపూట మంచులో నడిచి, పడి, చావు తప్పి అవతలి ఊరికి చేరాడు. ఆ మర్నాడు పారిస్‌కు పంపిన టెలిగ్రామ్‌లో మాత్రం రోడ్డు బ్రహ్మాండంగా ఉందని రాశాడు! ఆ ఏడాది రైడర్లు టూర్మలే ఎక్కారు. చాలామంది సైకిల్ నెట్టుకుంటూనే. జనం వెర్రెత్తిపోయారు. ఆ మర్నాటి ఏడు ఆల్ప్స్‌లోని గలిబియే కనుమ కూడా చేరింది. పర్వతాలు లేని టూర్‌ను ఈ రోజు ఎవరూ ఊహించలేరు.

1919లో మరో చిన్న సమస్య. గుంపులో ముందున్నది ఎవరో రోడ్డు పక్కన నిలబడ్డ వాళ్లకు తెలియడం లేదు. పరిష్కారంగా లీడర్‌కు ప్రత్యేకమైన రంగు జెర్సీ ఇచ్చారు. మొదటగా వేసుకున్నది యూజీన్ క్రిస్టఫ్. పసుపే ఎందుకు? పత్రిక కాగితం రంగు అదే కదా. జెర్సీ చూసిన ప్రతివాడికీ పేపరు గుర్తొస్తుంది. ఖర్చు దాదాపు సున్నా.

పెద్దాయనలో చీకటి కోణం

ఇక్కడిదాకా చదివి డెగ్రాంజ్‌ను రోల్ మోడల్ చేసుకోవద్దు. ఆయన దృష్టిలో ఆదర్శమైన టూర్ అంటే ఒకే ఒక్క రైడర్ మాత్రమే గమ్యం చేరగలిగేంత కష్టమైనది. రైడర్ ఎవరి సాయం లేకుండా అన్నీ తానే చేసుకోవాలి. 1913లో ఇదే యూజీన్ క్రిస్టఫ్‌కు టూర్మలే దిగుతుండగా సైకిల్ ముందు ఫోర్క్ విరిగింది. సైకిల్ మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఓ ఊళ్లో కమ్మరి కొలిమి దగ్గర తానే ఇనుము కాల్చి అతుక్కున్నాడు. కొలిమి తిత్తిని ఊదడానికి ఓ కుర్రాడు సాయపడ్డాడని ఆయనకు అదనపు నిమిషాల శిక్ష వేశారు!

గేరు మార్చే పరికరం అప్పటికే మార్కెట్‌లో ఉన్నా, పోటీలో దానికి 1937 దాకా అనుమతి రాలేదు. అది కూడా డెగ్రాంజ్ తప్పుకున్నాకే. 1924లో పెలిసియే సోదరులు నిబంధనలు భరించలేక మధ్యలోనే పోటీ వదిలేశారు. నొప్పి భరించడానికి తాము ఏమేం మందులు వాడుతున్నామో ఓ విలేకరికి సంచి విప్పి చూపించారు. దేశమంతా మాట్లాడుకుంది. డెగ్రాంజ్ మాత్రం పెద్దగా మారలేదు.

కష్టపెడితేనే గొప్పవాళ్లు తయారవుతారని నమ్మే బాస్ మీకూ తగలొచ్చు. అలాంటి చోట ఎంతో నేర్చుకోవచ్చు, నిజమే. కానీ తిత్తి ఊదిన కుర్రాడికి కూడా లెక్క కట్టే చోట మీ ఆరోగ్యానికి లెక్క ఎవరూ కట్టరు. అది మీరే కట్టుకోవాలి.

పేపరు నుంచి టీవీకి

1930లో సైకిల్ కంపెనీల జట్ల పెత్తనం నచ్చక డెగ్రాంజ్ వాటిని తీసేసి జాతీయ జట్లను పెట్టాడు. అందరికీ ఒకే రకం పసుపు సైకిళ్లు ఇచ్చాడు. తిండి, బస ఖర్చులన్నీ పత్రిక నెత్తిన పడ్డాయి. మరి డబ్బు? పోటీకి ముందు ప్రకటనల వాహనాల ఊరేగింపు పెట్టి, కంపెనీల నుంచి రుసుము వసూలు చేశాడు. ఆ ఊరేగింపు ఇప్పటికీ ఉంది. అదే ఏడాది రేడియోలో ప్రత్యక్ష ప్రసారం కూడా వచ్చింది. ఇక పేపరు ఎవరు కొంటారని భయపడ్డారు. జరిగింది వేరు. 1933 టూర్ సమయంలో లోటో అమ్మకాలు 8,54,000 దాకా వెళ్లాయి. రేడియోలో విన్నవాడికి మర్నాడు వివరంగా చదవాలనిపించిందన్నమాట.

1936లో ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే డెగ్రాంజ్ మొండిగా పోటీ వెంట బయల్దేరాడు. రెండో రోజుకే నొప్పి తట్టుకోలేక ఆగిపోయాడు. బాధ్యతలు విక్టర్ గొడే కొడుకు జాక్ గొడేకు అప్పగించాడు. 1940 ఆగస్టు 16న కన్నుమూశాడు. అప్పటికి పారిస్ జర్మన్ సైన్యం చేతిలో ఉంది. ఆ ఏడాది టూరే లేదు. 1947లో మళ్లీ మొదలైంది. 1949లో గలిబియే కనుమ దగ్గర ఆయన స్మారకం కట్టారు.

ఆయన చూడనిది టీవీ. 1948లో పార్క్ డి ప్రిన్స్‌లో జరిగిన ముగింపును ప్రత్యక్షంగా చూపించారు. 1958లో ఒబిస్క్ కొండ మీద నుంచి ప్రత్యక్ష ప్రసారం జరిగింది. తర్వాత మోటార్‌సైకిల్ కెమెరాలు, హెలికాప్టర్లు వచ్చాయి. కదిలే కెమెరా సిగ్నల్ పైనున్న హెలికాప్టర్‌కు, అక్కడి నుంచి ఇంకా ఎత్తులో తిరిగే విమానానికి, ఆ తర్వాత ముగింపు రేఖ దగ్గరి ప్రసార వాహనాలకు చేరుతుంది. 2017 నుంచి ప్రతి స్టేజీనీ మొదటి నుంచి చివరి దాకా చూపిస్తున్నారు. టూర్‌ను తమ ఊరి మీదుగా పంపమని పట్టణాలు డబ్బు కట్టి మరీ పోటీ పడతాయి. పత్రిక అమ్మడానికి పుట్టిన రూటు ఇప్పుడు ఊళ్ల పర్యాటకాన్ని అమ్ముతోంది.

మరి మన సంగతి?

మన దగ్గర రోడ్లు లేవని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. దాని పక్కనే 2023లో 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ వచ్చింది. ఉస్మానియా క్యాంపస్‌లో వెలోడ్రోమ్ ఉంది. శ్రీశైలం ఘాట్, అరకు ఘాట్ ఉన్నాయి. స్టేజ్ రేస్ అంటే రోడ్డు, రైడర్లు మాత్రమే కాదు. రూటు సర్వే, ట్రాఫిక్ మళ్లింపు, టైమింగ్ చిప్‌లు, జీపీఎస్ ట్రాకింగ్, రేడియో సిగ్నళ్లు, లైవ్ గ్రాఫిక్స్, అంబులెన్సులు, హోటళ్లు, స్పాన్సర్లు. ఇందులో ప్రతి పదం వెనకా ఒక ఉద్యోగం ఉంది. రూటు, మ్యాపుల పని ఇష్టమైతే జీఐఎస్ చదవండి. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లోనే, మీ ఇంటి దారిలోనే ఉంది. ఈసీఈ వాళ్లకు ప్రసార సాంకేతికత, సీఎస్ఈ వాళ్లకు లైవ్ డేటా. ఆటలు ఆడనివాళ్లకు కూడా ఆటల్లో చోటుంది.

చివరిగా, ఈ కథలో మీరు మర్చిపోకూడని పేరు జియో లెఫెవ్ర్. ఐడియా ఆయనది. మొదటి టూర్‌ను రోడ్డు మీద నడిపించింది ఆయన. కొన్నేళ్లకే సైక్లింగ్ వదిలి బాక్సింగ్, విమానాల వార్తల వైపు వెళ్లిపోయాడు. టూర్‌కు తండ్రి అనే పేరు మాత్రం డెగ్రాంజ్‌కే దక్కింది. ఐడియాను నమ్మి, డబ్బు తెచ్చి, తప్పులు దిద్ది, ముప్పై ఏళ్లకు పైగా మోసినవాడికి పేరు రావడంలో న్యాయం లేకపోలేదు. అయినా రేపు మీరు ఉద్యోగంలో చేరి, మీటింగ్‌లో ఓ మంచి ఆలోచన చెప్పినప్పుడు, బయటికి రాగానే దాన్ని రెండు లైన్ల మెయిల్‌గా పంపించి పెట్టుకోండి. ఆపై దాన్ని మోసే పనిలో కూడా ఓ చెయ్యి వేయండి. ఇంకొన్నేళ్లకు మీరే టీమ్ లీడ్ అయ్యి, పాతికేళ్ల కుర్రాడెవరో వింత ఆలోచనతో వస్తే, భోజనానికి తీసుకెళ్లి పూర్తిగా వినండి. అతని పేరు మాత్రం స్లైడ్ మీద రాయండి.